కట్టడానికి అప్పు ఇస్తారు, కడగడానికి ఎవరిస్తారు?

2024 జూన్ 29న కెన్సింగ్టన్ ఓవల్‌లో బౌండరీ తాడు దగ్గర సూర్యకుమార్ యాదవ్ పట్టిన క్యాచ్‌ని ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశామో. ఆ వెంటనే బెరిల్ తుఫాను వచ్చి మన జట్టు అక్కడే చిక్కుకుపోయింది. దాంతో బార్బడోస్ అనే దీవి ఒకటుందని, బ్రిడ్జ్‌టౌన్ దాని రాజధాని అని క్రికెట్ చూడనివాళ్లకి కూడా తెలిసింది. మెడిసిన్ చదవడానికి అక్కడికి వెళ్లిన మన పిల్లల ఇళ్లలో అయితే ఆ పేరు ముందే అలవాటు. నేను ఆ దీవిలో కొన్నేళ్లు ఉన్నాను, పైపులైన్ల డ్రాయింగులు గీసే ఒక చిన్న కన్సల్టెన్సీలో. అందుకని ఎవరైనా బార్బడోస్ అంటే నాకు బీచ్ కంటే, క్రికెట్ కంటే ముందు డ్రైనేజీ గుర్తొస్తుంది. వృత్తి అలాంటిది, ఏం చేస్తాం.

తీరప్రాంతపు ఊళ్లలో నీటి సరఫరా, మురుగు వ్యవస్థలు బాగుపడకపోవడానికి డబ్బు లేకపోవడమే కారణమని అందరూ అంటారు. బార్బడోస్ చూశాక నేనా మాట పూర్తిగా నమ్మడం మానేశాను. కట్టడానికి డబ్బు దొరుకుతుంది. బ్యాంకులు ఇస్తాయి, మంత్రులు శంకుస్థాపన చేస్తారు, ఫోటోలు పడతాయి. కట్టిన తర్వాత రోజూ మురుగుని వడకట్టే జాలీ కడగడానికి, మోటారు బేరింగులు మార్చడానికి, మురుగుని సముద్రంలోకి వదిలే గొట్టం ఎలా ఉందో చూసి రమ్మని డైవర్‌ని దించడానికి ఎవరూ అప్పివ్వరు. వ్యవస్థ చచ్చేది అక్కడ. ఈ మాటనే కాస్త వివరంగా చెప్పాలని ఈ వ్యాసం.

ముందు ఆ నేల సంగతి తెలియాలి. దీవి మొత్తం కలిపి 430 చదరపు కిలోమీటర్లు, మన మండలాలు రెండో మూడో కలిపితే అంత. జనం 2.8 లక్షలు. చుట్టుపక్కల దీవులు చాలావరకు అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి. ఇది మాత్రం ఎక్కువ భాగం పగడపు సున్నపురాయి. నేలలో దాదాపు 85 శాతం ఆ రాయే. ఆ రాయి నిండా కన్నాలు. చెప్పుకోదగ్గ నదులు లేవు. వాన పడితే నీళ్లు కాసేపు వాగుల్లాంటి ఇరుకు లోయల్లో పారి, రాతిలోకి ఇంకి, అడుగున ఉన్న గట్టి పొర మీదుగా మెల్లగా సముద్రం వైపు నడుస్తాయి. తీరం దగ్గరికి వచ్చేసరికి ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీటి పొరగా మిగులుతాయి. దీవి తాగేదాంట్లో అత్యధిక భాగం ఈ నీళ్లే. బావుల్లోంచి తోడి, క్లోరిన్ కలిపి పంపిస్తారు. రాయే ఫిల్టరు కాబట్టి నీళ్లు నిజంగానే బాగుంటాయి. బాటిల్ కొనకుండా కొళాయి నీళ్లు తాగిన రోజులు నా జీవితంలో అవే ఎక్కువ.

చిక్కేమిటంటే ఇళ్ల మురుగు కూడా ఆ రాతిలోకే పోతుంది. ఒక ఇంటి పెరట్లో సక్‌వెల్, అంటే మురుగు ఇంకిపోయే గుంత, తవ్వుతుంటే దగ్గర నుంచి చూశాను. మనిషి దిగేంత వెడల్పు గుండ్రటి గుంత. పైన రెండడుగులు నల్లమట్టి, ఆ కింద తెల్లగా, సుద్దలా ఉండే రాయి. రాతిలో చేతివేళ్లు పట్టేంత కన్నాలు, అక్కడక్కడా పూర్తి గవ్వలు. తవ్వే పెద్దాయన బకెట్ నీళ్లు అడిగి లోపల పోశాడు. మేం చూస్తుండగానే నీళ్లు మాయమయ్యాయి. "బావుంది, ఇది నలభై ఏళ్లు నిండదు," అన్నాడు సంతోషంగా. ఇంటివాళ్లకీ సంతోషమే. నా మనసు మాత్రం ఆ నీళ్లు ఎటు పోయాయో అనే దాని మీద ఉండిపోయింది. కింద ఎక్కడో ఎవరి బావి ఉంది?

ఆ ప్రశ్న అక్కడి ప్రభుత్వానికి 1963లోనే వచ్చింది. నాకు ఆ దేశం మీద గౌరవం పెరిగిన చోటు ఇది. దీవి మ్యాపు పరిచి, తాగునీటి బావుల చుట్టూ గీతలు గీశారు. మొత్తం ఐదు జోన్లు. మురుగులోని సూక్ష్మజీవులు రాతిలో ప్రయాణం చేస్తూ చచ్చిపోవడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కేశారు. బావిని చేరడానికి 300 రోజుల కంటే తక్కువ పట్టే ప్రాంతం ఒకటో జోను, అక్కడ కొత్త ఇల్లు కట్టడానికి వీల్లేదు. 600 రోజుల వరకు రెండోది, అక్కడ కట్టుకోవచ్చు కానీ మురుగు గుంత 6.5 మీటర్లు దాటి లోతు తవ్వకూడదు. మూడో జోనులో 13 మీటర్లు. ఇలా సముద్రం దగ్గరికి వెళ్లేకొద్దీ నిబంధన సడలుతుంది. ఇంకా దేశానికి స్వాతంత్ర్యం కూడా రాలేదు, అది 1966లో. కంప్యూటర్ మోడళ్లు లేవు. ఒక పెన్సిలు, కాస్త భూగర్భశాస్త్రం, దాన్ని అమలు చేసే ధైర్యం ఉన్న ప్లానింగ్ ఆఫీసు. అంతే.

దీనికి గొట్టం అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. మెయింటెనెన్స్ అంటే "కుదరదు" అని చెప్పగలగడం ఒక్కటే. ఆ పని తేలికని నేను అనను. ఒకటో జోనులో తాతల నాటి స్థలం ఉండి, కూతురికి పక్కన ఒక గది వేసి ఇద్దామంటే అనుమతి దొరకనివాళ్ల బాధ విన్నాను. వాళ్ల స్థలం వల్ల ఊరందరికీ మంచినీళ్లు వస్తున్నాయి, వాళ్లకి మాత్రం పరిహారం లేదు. ఈ మధ్య ఆ విధానాన్ని సవరించి, ఇంట్లోనే మురుగుని బాగా శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకుంటే కొన్నిచోట్ల వెసులుబాటు ఇచ్చే దిశగా వెళ్లారు. న్యాయంగా చూస్తే తప్పనలేం. కానీ గీతకి బదులు వందల ఇళ్లలో వందల చిన్న మోటార్లు వస్తాయి. వాటి ఎయిర్ పంపు ఆగిపోతే ఎవరు చూస్తారు? ఇంటాయనకి వాసన రాకపోతే ఆయనకి తెలియనే తెలియదు. నా భయం అది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1854లో బార్బడోస్‌లో కలరా వచ్చింది. కొన్ని నెలల్లో సుమారు 20,000 మంది పోయారు. అప్పటి జనాభా లక్షన్నర కూడా లేదు, అంటే ఏడుగురిలో ఒకరు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్లే. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది చెరకు తోటల్లో పనిచేసే నల్లజాతి కూలీలు, ఇరుకు వాడల్లో ఉండే పేదలు. ఆ దెబ్బతో కదలిక వచ్చి, 1861లో సెయింట్ జాన్ పారిష్‌లోని ఊటల నుంచి బ్రిడ్జ్‌టౌన్‌కి మొదటిసారి గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చారు. దానికి గుర్తుగా 1865లో ఊరి నడిబొడ్డున డాల్ఫిన్ బొమ్మలతో ఒక ఫౌంటెన్ కట్టారు. ఇప్పటికీ ఉంది, పార్లమెంటు భవనం ఎదురుగా ఉన్న చౌరస్తాలో. టూరిస్టులు దాని ముందు ఫోటోలు దిగుతారు.

నీళ్లు వచ్చినందుకు ఫౌంటెన్ కట్టారు సరే. ఆ నీళ్లు వాడాక ఎటు పోవాలనే దానికి బ్రిడ్జ్‌టౌన్‌లో సమాధానం వచ్చింది ఎప్పుడో తెలుసా? 1982లో. మధ్యలో 121 ఏళ్లు. ఆ మురుగు శుద్ధి కేంద్రం కట్టడానికి ఎమర్టన్ అనే పేదల వాడని ఖాళీ చేయించారు, జనాన్ని తీసుకెళ్లి క్లాపమ్‌లో పెట్టారు. కొత్త ఇళ్లు మెరుగైనవే, కానీ వాడ పోయింది. ఊరి మురుగంతా శుభ్రం చేయడానికి ఊరిలోకెల్లా పేదవాడి స్థలమే కావాలి, ఎక్కడైనా ఇదే కథ. దీని మీద అక్కడ పాట కూడా పుట్టింది.

ఇక దక్షిణ తీరం. హేస్టింగ్స్, వర్దింగ్, సెయింట్ లారెన్స్ గ్యాప్: వరసగా హోటళ్లు, రెస్టారెంట్లు, బార్లు. ఇది ఐదో జోను, అంటే తాగునీటి బావులకి ప్రమాదం లేని చోటు కాబట్టి గుంతల లోతు మీద పరిమితి లేదు. తాగునీళ్లు బతికాయి, కానీ ఆ మురుగు రాతిలోంచి నేరుగా సముద్రంలోకి ఊరి, అందులోని నత్రజని, ఫాస్ఫరస్‌తో నాచు పెరిగి పగడపు దిబ్బల్ని కప్పేయడం మొదలుపెట్టింది. 1963 గీతకి ఉన్న లోపం ఇదే. అది బావిని కాపాడింది, తీరాన్ని పట్టించుకోలేదు. పగడాలు పోతే ఇసుక పోతుంది, ఇసుక పోతే టూరిస్టు పోతాడు. దాంతో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పుతో ఈ తీరానికి డ్రైనేజీ లైన్లు వేసి, 2000ల మొదట్లో గ్రేమ్ హాల్ దగ్గర ప్లాంటు పెట్టారు. ప్లాంటు అని పేరే కానీ, అది చేసేది మురుగుని సన్నటి జాలీలతో వడకట్టి, పొడవాటి గొట్టంతో సముద్రంలోకి తోసేయడం. మిగతా పని సముద్రం చూసుకుంటుందని లెక్క.

ఈ లెక్క కాగితం మీద తప్పు కాదు. లోతుగా, దూరంగా, ప్రవాహం ఉన్న చోట వదిలితే చాలా తీరపట్టణాల్లో ఇది పనిచేస్తుంది. కానీ ఈ ఏర్పాటు గొట్టం మీదే ఆధారపడి ఉంటుంది. జాలీ సరిగా పట్టకపోతే గొట్టంలో చెత్త చేరుతుంది. రెస్టారెంట్ల వంటనూనె, కొవ్వు చల్లారి గోడలకి అంటుకుంటుంది. సముద్రమట్టానికి దగ్గర్లో, భూగర్భజలం లోపలే వేసిన లైన్లు కాబట్టి జాయింట్లు వదులైతే బయటి నీళ్లు లోపలికి వస్తాయి. అప్పుడు మోటార్లు మురుగుతో పాటు ఆ నీళ్లని కూడా తోడుతూ కూర్చోవాలి. వీటిలో ఏదీ ఒక్కరోజులో జరగదు. ఏళ్ల తరబడి, రిపోర్టుల్లో వస్తూ, బడ్జెట్‌లో వాయిదా పడుతూ జరుగుతుంది.

2017 చివరికి అది రోడ్డు మీదికి వచ్చింది. అక్షరాలా. వర్దింగ్ మెయిన్ రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత పక్క నుంచి బుడబుడమంటూ నీళ్లు. మొదట సన్నగా, మధ్యాహ్నానికి రోడ్డు వాలు వెంబడి ఒక చిన్న కాలువ. బూడిద రంగు, పైన జిడ్డు తెర. బస్సు వేగంగా పోతే పేవ్‌మెంట్ మీద నడిచేవాళ్లు గోడకి అతుక్కునేవారు. కొన్ని షాపుల ముందు ఇసుక బస్తాలు, కొన్నిటికి తాళాలు. ట్యాంకర్లు వచ్చి మ్యాన్‌హోల్ నుంచి తోడుకుని వెళ్లేవి, గంటకి మళ్లీ నిండిపోయేది. నేను మధ్యాహ్నం తినే చిన్న హోటల్ ఆవిడ తలుపు మీద "వెనక వైపు నుంచి రండి" అని అట్ట కట్టింది. వెనక వైపూ అదే వాసన. "నేను బిల్లు కడుతున్నాను బాబూ, నెలనెలా కడుతున్నాను. అదేమైపోతోంది?" అని నన్నడిగింది, నేనేదో పైపుల ఆఫీసు మనిషినని. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ అడిగింది మాత్రం సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే.

2018 మొదట్లో అమెరికా, బ్రిటన్, కెనడా తమ పౌరులకి దక్షిణ తీరంలో మురుగు గురించి జాగ్రత్తలు చెబుతూ ప్రకటనలు ఇచ్చాయి. టూరిజం మీద బతికే దేశానికి ఇంతకంటే తలవంపు ఉండదు. అత్యవసరంగా బావులు తవ్వి మురుగుని భూమిలోకి పంపే ఏర్పాట్లు చేశారు. పక్కనే ఉన్న గ్రేమ్ హాల్ చిత్తడినేల కూడా దెబ్బతింది. అది ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో ఉన్న మడ అడవి, ఆ దీవిలో మిగిలిన మడ అడవుల్లో పెద్దది. మే 24న ఎన్నికలు జరిగాయి. ప్రతిపక్ష నాయకురాలు మియా మోట్లీ పార్టీ 30కి 30 సీట్లూ గెలిచింది, ప్రధానిగా ఉన్నాయన సొంత సీటు కూడా పోగొట్టుకున్నాడు. మురుగు ఒక్కటే కారణమంటే అతిశయోక్తి. అప్పులు, పన్నులు, రాని చెత్త బండ్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఓటు వేయడానికి వెళ్లే మనిషి ముక్కుకి ఏది ముందు తగిలిందో నాకు తెలుసు.

కొత్త ప్రభుత్వం వచ్చీరాగానే విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే డబ్బు లేదన్న మాట అప్పుడు నిజంగానే నిజం. మరి నా వాదన ఏమైనట్టు? నేననేది ఏమిటంటే, ప్లాంటు పాడైంది 2018లో కాదు. డబ్బు ఉన్న రోజుల్లో, హోటళ్లు కిటకిటలాడిన రోజుల్లో పాడైంది. మురుగు బాగా నడుస్తుంటే కనిపించదు, కనిపించని దానికి బడ్జెట్ మీటింగులో మాట్లాడేవాడు ఉండడు. ఆరోగ్యశాఖ తరఫున మాట్లాడే డాక్టరు ఉంటాడు, స్కూళ్ల తరఫున టీచర్ల సంఘం ఉంటుంది. పంపింగ్ స్టేషన్ తరఫున ఎవరుంటారు?

ఆ సంవత్సరం ఆగస్టు నుంచి నీటి బిల్లులో చెత్త, మురుగు రుసుము ఒకటి చేర్చారు, ఇంటికి రోజుకి ఒకటిన్నర బార్బడోస్ డాలరు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుతో సమానం. జనం బాగా తిట్టుకున్నారు. డ్రైనేజీ లైనే లేని పల్లెలో, సొంత సక్‌వెల్ తవ్వుకున్న ముసలావిడ దక్షిణ తీరం హోటళ్ల మురుగుకి ఎందుకు కట్టాలని. న్యాయమైన కోపమే. అయినా నేను ఆ రుసుముని సమర్థిస్తాను, ఒక షరతు మీద: ఆ డబ్బు ఖజానాలో కలవకూడదు, ఏ మోటారుకి ఎంత ఖర్చయిందో జనానికి కనిపించాలి. రుసుము తీసుకుని లెక్క చూపించకపోతే అది మామూలు పన్నే, పేరే వేరు.

నీటి సరఫరా వైపూ కథ వేరుగా లేదు. ఉత్తరాన సెయింట్ లూసీలో ఒక సహోద్యోగి వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ గారు ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి చూపించారు. టీ ఒలికినట్టు మరకలు. పాత ఇనుప మెయిన్ల తుప్పు. నీళ్లు ఆగి మళ్లీ వదిలినప్పుడల్లా ఆ తుప్పు కదిలి ఎర్రగా వస్తుంది. ఆవిడ మూడు డ్రమ్ములు పెట్టుకున్నారు, ఒకటి వాన నీళ్లకి, ఒకటి తేరుకోవడానికి, ఒకటి వాడకానికి. బావి నుంచి తోడిన నీళ్లలో దాదాపు సగం బిల్లు దాకా రావు, లీకుల్లోనే ఎక్కువ పోతాయి. నీటి కరువున్న దేశాల వరసలో ముందుండే చోట పరిస్థితి ఇది. అయినా పాత మెయిన్ మార్చే పని ఎప్పుడూ కొత్త బావి, కొత్త ట్యాంకు వెనకే నిలబడుతుంది. మార్చిన మెయిన్ మట్టి కింద ఉంటుంది కదా, రిబ్బన్ ఎక్కడ కడతారు?

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే ఉదాహరణ ఒకటుంది. నాకు ప్రైవేటీకరణ అంటే అంత మోజు లేదు. కానీ 2000లో స్ప్రింగ్ గార్డెన్ దగ్గర పెట్టిన ఉప్పునీటి శుద్ధి కేంద్రం, రోజుకి 30,000 ఘనమీటర్ల సామర్థ్యం ఉన్నది, ప్రైవేటు కంపెనీది. నీళ్లు తయారుచేసి ప్రభుత్వ నీటి సంస్థకి అమ్మాలి. అమ్మితేనే డబ్బు. అందుకని అక్కడ ఉప్పుని వడకట్టే పొరలు, పంపులు ఆగకుండా చూసుకునే అవసరం కంపెనీకి ఉంటుంది. వాళ్లు పుణ్యాత్ములని కాదు, ఒప్పందం కట్టడానికి కాకుండా నడపడానికి డబ్బిస్తుంది, అంతే తేడా. ఇదే షరతు ప్రభుత్వ సంస్థకి పెట్టలేమా? పెట్టొచ్చు. కానీ ఎవరూ పెట్టలేదు, 2024 డిసెంబరు దాకా.

ఆ నెలలో బార్బడోస్ ఒక కొత్త రకం ఒప్పందం చేసుకుంది. ఖరీదైన పాత అప్పుని తక్కువ వడ్డీ అప్పుతో మార్చింది. ఇంటర్ అమెరికన్ బ్యాంకు, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు చెరో 15 కోట్ల డాలర్లకి హామీ నిలబడ్డాయి. వడ్డీ తగ్గడం వల్ల మిగిలే సొమ్ము 12.5 కోట్ల డాలర్లని అంచనా. వాతావరణ మార్పుల పనులకి సాయం చేసే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 4 కోట్ల డాలర్ల గ్రాంటు ఇస్తోంది. వీటితో దక్షిణ తీరం ప్లాంటుని పూర్తిగా మార్చి, మురుగుని బాగా శుద్ధి చేసి, ఆ నీళ్లు పొలాలకి, భూగర్భంలోకి పంపుతారు. సముద్రంలో పారేసే నీళ్లు, కరువున్న దీవికి తిరిగొస్తాయి. పొలాలకి ఇవ్వడం వెంటనే చేయాల్సిన పని. భూగర్భంలోకి పంపడం మాత్రం నిదానంగా, రాతి మార్గాలు తెలుసుకుని చేయాలి. నేను చూసిన ఆ బకెట్ నీళ్లు ఎంత వేగంగా మాయమయ్యాయో చెప్పాను కదా.

నాకు అందులో నచ్చింది మాత్రం గ్రాంటు కంటే చిన్న అక్షరాల్లో ఉన్న షరతు. శుద్ధి చేసిన నీళ్ల పరిమాణానికి, నాణ్యతకి లక్ష్యాలు పెట్టారు. అవి అందుకోకపోతే దేశం జరిమానా కట్టాలి, ఆ జరిమానా అక్కడి పర్యావరణ నిధికే పోతుంది. అప్పిచ్చేవాడు "కట్టావా" అని కాకుండా "నడుస్తోందా" అని అడగడం నేను చూడటం ఇదే మొదటిసారి. అనుమానం లేకపోలేదు: జరిమానా కట్టేదీ జనం డబ్బే, అశ్రద్ధ చేసిన ఆఫీసరు జేబులోంచి పోదు. పైగా అత్యాధునిక ప్లాంటుకి జాలీల ప్లాంటు కంటే ఎన్నో రెట్లు కరెంటు, నిపుణులు, విడిభాగాలు కావాలి. జాలీ కడగలేకపోయిన వ్యవస్థ పొరలు కడుగుతుందా? దీనికి జవాబు ఒప్పందంలో దొరకదు, ఏటా జీతాల బడ్జెట్‌లో దొరుకుతుంది. మంచి ఆపరేటర్‌కి రాత్రి డ్యూటీకి హోటల్ బార్ టెండర్ కంటే ఎక్కువ జీతం ఇస్తారా లేదా అన్నది నేను చూసే మొదటి అంకె.

పశ్చిమ తీరం ఇంకా మిగిలే ఉంది. హోల్‌టౌన్ వైపు, గదికి వేల డాలర్లు తీసుకునే హోటళ్లు ఉన్న వైపు. అక్కడ డ్రైనేజీ లైను వేయాలని దశాబ్దాలుగా అనుకుంటున్నారు, డిజైన్లు కూడా వేశారు, పని మొదలవలేదు. పెద్ద హోటళ్లకి సొంత చిన్న ప్లాంట్లు, మిగతావాళ్లకి సక్‌వెల్‌లు. అక్కడా దిబ్బలు దెబ్బతింటున్నాయి కాబట్టి లైను వేయాల్సిందే. కానీ టెండరు పిలిచే ముందు, ముప్పై ఏళ్లు నడపడానికి అయ్యే ఖర్చుని హోటళ్ల బిల్లుల్లోంచి విడి ఖాతాలోకి వసూలు చేసే చట్టం వచ్చి ఉండాలి. ముందు చట్టం, తర్వాత తవ్వకం. ఆ వరస తిరగబడితే ఇప్పుడున్న హోటళ్ల సొంత ప్లాంట్లనే ఉంచి, వాటి నీళ్లని నెలనెలా పరీక్షించి, ఫలితాలు రిసెప్షన్ గోడకి అంటించమనడం మేలు.